ఖురాన్‌ను తత్వవేత్తలు, సూఫీలు ఎలా చదివారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ విషయం ఎత్తితే నాకు ఎదురయ్యేవాళ్లు రెండు రకాలు. "ఖురాన్‌లో ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి, తత్వం అంతా గ్రీకుల దగ్గర అరువు తెచ్చుకున్నది" అనేవాళ్లు కొందరు. "అసలు ఇస్లాం అంటే సూఫీలే, మిగతాదంతా ముల్లాల గొడవ" అనేవాళ్లు ఇంకొందరు. ఈ ఇద్దరి నుంచీ, ఊరికే తెలుసుకుందామని అడిగేవాళ్ల నుంచీ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు ఇవి. జవాబుల్లో కొన్ని పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు ముక్కల్లో అయిపోతాయి. విషయం అలాంటిది.

తఫ్సీర్, తావీల్ రెండూ ఒకటేనా?

రెండూ ఖురాన్‌కు అర్థం చెప్పడానికి వాడే మాటలే, మొదట్లో ఒకటే. 923లో చనిపోయిన తబరీ రాసిన మహా వ్యాఖ్యానాన్ని అందరూ "తఫ్సీర్" అనే పిలుస్తారు గానీ, ఆయన పెట్టిన అసలు పేరులో ఉన్న మాట "తావీల్".

తర్వాతి కాలంలో దారులు వేరయ్యాయి. మాటకు అర్థం, వ్యాకరణం, ఆ ఆయత్ (ఖురాన్ వాక్యం) ఏ సందర్భంలో దిగింది, ప్రవక్త ముహమ్మద్ సహచరులు దాని గురించి ఏమన్నారు, ఇవన్నీ తఫ్సీర్ కిందికి వచ్చాయి. పైకి కనిపించే అర్థం నుంచి ఇంకో అర్థానికి వెళ్లడం తావీల్ అయింది. ఆ అరబ్బీ మాట ధాతువులో "మొదటికి తిరిగి వెళ్లడం" అనే భావం ఉంది. అందుకే తావీల్ చేసేవాళ్లు తాము కొత్త అర్థం కల్పిస్తున్నామని ఒప్పుకోరు, మాటను దాని మూలానికి చేరుస్తున్నామంటారు. ఎదుటివాళ్లు మాత్రం "మూలం అక్కడ ఉందని నీకెవరు చెప్పారు?" అంటారు. వెయ్యేళ్ల వాదం అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఈ వాదానికి ఖురాన్‌లోనే ఏదైనా ఆధారం ఉందా?

ఉంది. 3వ సూరాలో (అధ్యాయంలో) 7వ ఆయత్. ఈ గ్రంథంలో స్పష్టమైన ఆయత్‌లు ఉన్నాయి, అవే దీనికి మూలం, పలు అర్థాలకు తావిచ్చేవీ ఉన్నాయి అంటుంది. మనసులో వంకర ఉన్నవాళ్లు ఆ రెండో రకం వెంట పడతారని హెచ్చరిస్తుంది. తర్వాత వచ్చే వాక్యం దగ్గరే చిక్కంతా ఉంది.

"దాని తావీల్ అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదు" అని అక్కడ ఆగితే ఒక అర్థం. జ్ఞానంలో పాతుకుపోయినవాళ్లు "మేం విశ్వసించాం" అంటారు, అంతే, వాళ్లకూ తెలియదు. ఆగకుండా "అల్లాహ్‌కు, జ్ఞానంలో పాతుకుపోయినవాళ్లకు తప్ప" అని కలిపి చదివితే ఇంకో అర్థం. అప్పుడు వాళ్లకు తెలుసు! తొలినాటి అరబ్బీ రాతలో విరామ చిహ్నాలు లేవు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలన్నది ఓదేవాడి చేతిలో ఉంది.

మన దేశంలో అచ్చయ్యే ప్రతుల్లో చాలావాటిలో ఆ చోట "అల్లాహ్" అన్న మాట మీద చిన్న "మీమ్" అక్షరం కనిపిస్తుంది. ఇక్కడ తప్పనిసరిగా ఆగాలి అని దాని అర్థం. ఎక్కువమంది పండితుల పక్షం కూడా అదే. అయినా రెండో పక్షం పెద్దలు తక్కువవాళ్లేమీ కాదు, తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ లాంటివాళ్లు ధైర్యంగా కలిపే చదివారు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన వివరం ఇదే. ఆవగింజంత అక్షరం, దాని వెనక ఇంత తత్వశాస్త్రం.

దేవుడికి చెయ్యి, సింహాసనం ఉన్నాయని ఖురాన్ అంటుంది కదా. వాటిని ఎలా తీసుకున్నారు?

తత్వవేత్తలు రాకముందే మొదలైన పేచీ ఇది. "కరుణామయుడు సింహాసనంపై ఆసీనుడయ్యాడు" అని 20వ సూరాలో ఉంది. ఆయనకు సాటి వచ్చేది ఏదీ లేదని 42వ సూరాలో ఉంది. రెండిటినీ కలిపి ఎలా చదవాలి?

ముఅతజిలా వర్గం వాళ్లు బుద్ధికి పెద్దపీట వేశారు. చెయ్యి అంటే శక్తి, సింహాసనం అంటే అధికారం అన్నారు. 1144లో చనిపోయిన జమఖ్షరీ ఈ వర్గం మనిషే. అరబ్బీ భాషా సౌందర్యాన్ని విప్పి చెప్పడంలో ఆయన వ్యాఖ్యానానికి సాటి లేదని, ఆయన సిద్ధాంతాన్ని ఒప్పుకోనివాళ్లు కూడా శతాబ్దాల పాటు దాన్ని పాఠంగా చదివారు. సిద్ధాంతం మీద చీవాట్లు పెడుతూనే.

రెండో కొసన మదీనా పండితుడు మాలిక్ ఇబ్న్ అనస్ ఉన్నాడు. సింహాసనంపై "ఎలా" కూర్చున్నాడని ఎవరో అడిగితే ఆయన చెప్పిన జవాబు సారాంశం ఇది: ఆసీనుడవడం తెలిసిన మాటే, ఎలా అన్నది తెలియదు, నమ్మడం విధి, దాన్ని తవ్వడం బిద్‌అత్, అంటే మతంలో లేని కొత్త పోకడ. అష్అరీలు అనే ఇంకో వర్గం వాళ్లు ఈ రెండిటి మధ్య నిలబడి, కాలాన్ని బట్టి కాసేపు అటు, కాసేపు ఇటు ఒరిగారు.

అరిస్టాటిల్ చదివినవాళ్లు నిజంగా ఖురాన్‌కు వ్యాఖ్యానాలు రాశారా?

రాశారు. ఇది చాలామందికి ఆశ్చర్యం. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న తత్వవేత్త అల్ కిందీని, "నక్షత్రాలూ చెట్లూ సాష్టాంగపడుతున్నాయి" అనే ఆయత్ (55:6, అంటే 55వ సూరా 6వ ఆయత్) సంగతి ఏమిటని ఖలీఫా ముఅతసిమ్ కొడుకు అడిగాడు. నక్షత్రానికి మోకాళ్లు లేవు కదా, ఎలా సాష్టాంగపడుతుంది? కిందీ అరబ్బీ కవిత్వం నుంచి ఉదాహరణలు తీసి, సజ్దా (సాష్టాంగం) అనే మాటకు విధేయత అనే అర్థమూ ఉందని చూపించాడు. ఆకాశగోళాలు తమకు వేసిన కక్ష్యలో తిరగడమే వాటి సజ్దా అన్నాడు. ముందు భాష, తర్వాత ఖగోళం. పద్ధతి గమనించండి.

తత్వవేత్త ఇబ్న్ సీనా (980–1037) పదేళ్లకే ఖురాన్ పూర్తి చేశానని తన జీవిత కథలో చెప్పుకున్నాడు. అరిస్టాటిల్ అధిభౌతిక శాస్త్రాన్ని నలభైసార్లు చదివినా అర్థం కాలేదట. ఒకరోజు బజారులో పుస్తకాలమ్మేవాడు బలవంతపెడితే మూడు దిర్హములకు తనకు ముందుతరం తత్వవేత్త ఫారాబీ రాసిన చిన్న పుస్తకం కొన్నాడు. ఇంటికెళ్లి చదివితే ముడి విడిపోయింది. మర్నాడు పేదలకు దానం చేశాడు. తర్కంలో చిక్కుపడినప్పుడల్లా మసీదుకు వెళ్లి నమాజు చేసేవాడినని కూడా ఆయనే రాశాడు. ఆయన చివరి చిన్న సూరాల్లో కొన్నిటికి తాత్విక వ్యాఖ్యానాలు రాశాడు. 112వ సూరాలో "ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు" అన్న మాటలకు వెనక, "ఉండక తప్పనిది" అనే తన సిద్ధాంతాన్నే చూశాడు. మిగతా ప్రతి వస్తువూ ఉండొచ్చు, లేకపోవచ్చు. అది ఒక్కటే లేకుండా ఉండలేనిది.

"వెలుగు ఆయత్" అని తరచూ వింటాం. దాని ప్రత్యేకత ఏమిటి?

24వ సూరాలో 35వ ఆయత్. తత్వమూ సూఫీ మార్గమూ ఒకే చోట కలిసే కూడలి ఇది. కాస్త నెమ్మదిగా చూద్దాం.

అల్లాహ్ ఆకాశాలకూ భూమికీ వెలుగు అంటుంది ఆయత్. ఆ వెలుగు ఎలాంటిది? గోడలో ఒక గూడు, గూట్లో దీపం, దీపం ఒక గాజుబుడ్డిలో, ఆ గాజు మెరిసే నక్షత్రంలా ఉంది. దీపానికి నూనె తూర్పుదీ కాని పడమరదీ కాని ఒక ఆలివ్ చెట్టుది. నిప్పు తాకకుండానే వెలుగుతుందేమో అన్నంత స్వచ్ఛమైన నూనె. వెలుగు మీద వెలుగు.

కరెంటు రాకముందు మన ఇళ్లలో గోడకు దీపపు గూడు ఉండేది కదా, ఆ చిత్రమే. గూట్లో పెట్టిన దీపం వెలుతురు చెదిరిపోకుండా ఒక్క వైపుకే గట్టిగా వస్తుంది. మన తాతమ్మలకు ఈ ఆయత్‌లో బొమ్మ వివరించే పని ఉండేది కాదు.

ఇబ్న్ సీనా దీన్ని మనిషి బుద్ధి ఎదిగే క్రమంగా చదివాడు. గూడు అంటే ఇంకా ఏమీ తెలియని, తెలుసుకోగల సామర్థ్యం మాత్రమే ఉన్న బుద్ధి. గాజు అంటే మొదటి సత్యాలు పట్టుబడిన బుద్ధి. చెట్టు అంటే మెట్టు మెట్టుగా సాగే ఆలోచన. నూనె అంటే మధ్య మెట్లు అక్కర్లేకుండా చటుక్కున స్ఫురించే శక్తి. ఆ స్ఫురణ మరీ తీవ్రమైతే, నిప్పు తాకకుండానే వెలిగే నూనె, ప్రవక్తల స్థాయి. నిప్పు? మనుషుల బుద్ధిని బయటి నుంచి వెలిగించే క్రియాశీల బుద్ధి. అరిస్టాటిల్ నుంచి వచ్చిన మనస్తత్వ శాస్త్రం మొత్తం ఒక్క ఆయత్‌లో సర్దుకుపోయింది.

ఇక మత పండితుడు గజాలీ. ఇదే ఆయత్‌కు ఒక చిన్న పుస్తకమే రాశాడు. అక్కడా అయిదు మెట్లున్నాయి: గూడు ఇంద్రియాలు, గాజు ఊహ, దీపం బుద్ధి, చెట్టు తర్కం, నూనె ప్రవక్తలకూ కొందరు వలీలకూ (దేవుడికి దగ్గరైన మహాత్ములకూ) దక్కే పవిత్రాత్మ. ఇబ్న్ సీనా నీడ స్పష్టంగా కనిపిస్తుంది. తత్వవేత్తలను ఖండించిన మనిషి వాళ్ల పనిముట్లు మాత్రం జాగ్రత్తగా దాచుకున్నాడు! గజాలీ కలిపింది ఇంకొకటి ఉంది. వెన్నెల కిటికీలోంచి ఇంట్లోకి వచ్చిందనుకోండి అంటాడు. అది గోడకున్న అద్దం మీద పడింది, అక్కణ్ణుంచి ఎదుటి గోడకు, అక్కణ్ణుంచి నేల మీదికి. నేల వెలుగుతోంది. ఆ వెలుగు నేలదా? గోడది. గోడదా? అద్దానిది. అద్దానిదా? చంద్రుడిది. చంద్రుడికీ అది సూర్యుడి నుంచి వచ్చిందే. అందుకని వెలుగు అనే మాట అసలు అర్థంలో ఒక్కరికే చెల్లుతుంది, మిగతావాటికి అది అరువు మాట అంటాడు. ఇక్కడ మామూలు అలంకార శాస్త్రం తలకిందులైంది. దేవుణ్ణి వెలుగు అనడం ఉపమానం, దీపాన్ని వెలుగు అనడం నిజం అని మనం అనుకుంటాం. గజాలీ సరిగ్గా ఎదురు చెప్పాడు.

గజాలీ ఇస్లాంలో తత్వాన్ని చంపేశాడంటారు. నిజమేనా?

లేదు. ఈ మాట పాఠ్యపుస్తకాల్లో పడి అలా నిలిచిపోయింది.

ఆయన తత్వవేత్తల ఇరవై సిద్ధాంతాలను ఎత్తి చూపి వాదించాడు. వాటిలో మూడింటినే అవిశ్వాసం అన్నాడు: లోకం అనాది అనడం, దేవుడికి సామాన్య విషయాలు తప్ప విడివిడి వస్తువులు తెలియవనడం, చనిపోయినవాళ్లు శరీరంతో లేవరనడం. తర్కం, గణితం జోలికి పోలేదు, పైగా తర్కాన్ని మదరసాలకు అలవాటు చేసింది ఆయనే. ఆయన పోయిన వందేళ్లకు ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం 1210, హెరాత్) ఖురాన్ వ్యాఖ్యానంలోకి ఎంత తత్వం దించాడంటే, "అందులో తఫ్సీర్ తప్ప అన్నీ ఉన్నాయి" అని గిట్టనివాళ్లు ఎగతాళి చేశారు. ఖురాన్ మొదటి సూరా అయిన ఒక్క ఫాతిహా నుంచే పదివేల విషయాలు తీయొచ్చని రాజీ పుస్తకం మొదట్లోనే పందెం కట్టినట్టు రాశాడు. ఆయనే చివర్లో, తత్వమార్గాలన్నీ పరీక్షించి చూశాను, ఖురాన్‌లో దొరికిన మేలు వాటిలో దొరకలేదు అని వీలునామాలో చెప్పించాడు.

గజాలీ సొంత కథ వేరే. 1091లో బాగ్దాద్ నిజామియా మదరసాలో పెద్ద పదవి. నాలుగేళ్లకు, 1095లో, పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు. తిండి సయించలేదు. హకీములు చూసి ఇది ఒంటి జబ్బు కాదు, మనసుది అన్నారు. ఇప్పుడైతే టెన్షన్, లీవు పెట్టు అనేవాళ్లం. ఆయన ఉద్యోగమే వదిలేసి సూఫీ దారి పట్టాడు.

లోపలి అర్థం దొరికాక బయటి అర్థం వదిలేయొచ్చా?

ఈ ప్రశ్నకు గజాలీ జవాబు కంటే మంచిది నేను చూడలేదు. 20వ సూరాలో దేవుడు మూసా (మోషే) ప్రవక్తతో "నీ చెప్పులు విడువు, నువ్వు పవిత్రమైన లోయలో ఉన్నావు" అంటాడు. రెండు చెప్పులంటే ఇహం, పరం అని సూఫీలు చెప్పుకుంటారు, రెండిటి మీదా ఆశ వదులుకో అని. అయితే మూసా నిజంగా చెప్పులు విప్పలేదా? విప్పారు, అంటాడు గజాలీ. కాళ్లకున్నవి విప్పారు, లోపల రెండు లోకాలనూ విడిచారు. రెండూ జరిగాయి.

వెంటనే ఇంకో ఉదాహరణ ఇస్తాడు. కుక్క ఉన్న ఇంట్లోకి దైవదూతలు రారని ఒక హదీసు (ప్రవక్త మాటగా చెప్పుకునేది). ఇల్లంటే గుండె, కుక్కంటే కోపం అని అర్థం చెప్పుకుని, ఇంట్లో దర్జాగా కుక్కను పెంచుకునేవాడు తప్పు చేస్తున్నాడు. ఇంట్లో కుక్క లేదు గదా అని గుండెలో కోపాన్ని పెంచుకునేవాడు సగమే విన్నాడు. బయటిది కొట్టేసి లోపలిదే మిగుల్చుకునేవాడు బాతినీ, లోపలిది లేదనేవాడు హష్వీ, రెండూ కలిపేవాడే పూర్తి మనిషి అని ఆయన తీర్పు.

బాతినీ అన్న దెబ్బ షియాల్లో ఒక శాఖ అయిన ఇస్మాయిలీల మీద పడింది. వాళ్లకు తావీల్ ఒక విద్యా వ్యవస్థ. అది తోచినట్టు చేసేది కాదు, ఇమామ్ (వాళ్ల మతగురువు) నుంచి వరుసగా నేర్చుకోవాల్సింది. కైరోలో ఫాతిమీ ఖలీఫాల కాలంలో దానికి పెద్ద పండితులుండేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది షరీఅత్‌ను (ఇస్లాం ధర్మశాస్త్రాన్ని) వదలమనలేదు. శత్రువులు రాసిందే చదివి వాళ్లను అంచనా వేయడం న్యాయం కాదు.

ఇబ్న్ రుష్ద్ ఏమన్నాడు? ఆయన హేతువాది కదా?

హేతువాది అంటే మనకు ఒక బొమ్మ ఉంది, దానికి ఆయన సరిపోడు. 1126లో స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టాడు, ఖాజీల కుటుంబం, తానూ సెవిల్లేలో, కార్డోబాలో ఖాజీగా తీర్పులు చెప్పాడు. తత్వం చదవడం మతం ఒప్పుకుంటుందా అన్న ప్రశ్నను ఫత్వా అడిగినట్టే తీసుకుని, షరీఅత్ పద్ధతిలోనే జవాబు రాశాడు. "చూపున్నవాళ్లారా, గ్రహించండి" అనే ఆయత్ (59:2) ఆధారంగా, సమర్థుడికి అది విధి అని తేల్చాడు. తత్వం చదివి కొందరు చెడిపోయారని అందరికీ నిషేధిస్తే, నీళ్లు తాగుతూ గొంతుకు అడ్డం పడి ఎవడో చచ్చాడని దాహంతో ఉన్నవాడికి నీళ్లు ఇవ్వకుండా చంపినట్టే అన్నాడు.

సత్యం సత్యానికి అడ్డు రాదు అన్నది ఆయన పునాది. రుజువైన విషయానికి ఆయత్ పైఅర్థం విరుద్ధంగా కనిపిస్తే, అరబ్బీ భాష ఒప్పుకునే హద్దుల్లో తావీల్ చేయాలి. పనిలో పనిగా ఒక చురక వేశాడు. లోకం శూన్యం నుంచి పుట్టిందని అనేవాళ్లు కూడా పైఅర్థం మీద నిలబడలేదు, ఎందుకంటే "ఆయన సింహాసనం నీళ్ల మీద ఉండేది" (11:7), ఆకాశం "పొగగా" ఉండేది (41:11) అని ఖురాన్ అంటోంది, అంటే అప్పటికే ఏవో ఉన్నాయిగా!

ఇక చాలామంది దాటేసే భాగం. ఈ తావీళ్లు జనానికి చెప్పకూడదంటాడు ఇబ్న్ రుష్ద్. "నీ ప్రభువు మార్గం వైపు వివేకంతో, మంచి ఉపదేశంతో పిలువు, మేలైన రీతిలో వాదించు" (16:125) అన్నదాన్ని మూడు రకాల మనుషులకు మూడు దారులుగా చదివాడు. రుజువు అర్థం చేసుకునేవాళ్లు కొద్దిమంది, వాదనతో ఒప్పుకునేవాళ్లు కొందరు, మిగతా అందరికీ ఉపదేశం చాలు. గజాలీ మీద ఆయనకున్న కోపాల్లో పెద్దది, తావీళ్లు మామూలు పుస్తకాల్లో రాసి అందరి చేతుల్లో పెట్టాడని. మనం స్వేచ్ఛకు ప్రతినిధి అనుకునే మనిషి పుస్తకాలకు తాళం వేయమంటున్నాడు, సూఫీ మార్గం పట్టినాయన తలుపు తీశాడు. చివరికి 1195లో ఇబ్న్ రుష్ద్‌నే లూసేనా అనే ఊరికి వెళ్లగొట్టారు, ఆయన తత్వ గ్రంథాలు తగలబెట్టించారు.

సూఫీలు తోచింది చెప్పేశారా, లేక వాళ్లకూ పద్ధతి ఉందా?

ఉంది. వాళ్లు చేసేదాన్ని తఫ్సీర్ అని కూడా ధైర్యంగా అనరు, "ఇషారా" అంటారు, అంటే సైగ. "ఆయత్ అర్థం ఇది" అని కాకుండా, ఓదుతుంటే గుండెకు తగిలిన సైగ ఇది అని. 765లో చనిపోయిన ఇమామ్ జాఫర్ సాదిఖ్ పేరు మీద ఒక మాట నడుస్తుంది: ఖురాన్‌లో నాలుగున్నాయి, పలుకు సామాన్యులకు, సైగ ప్రత్యేకులకు, సూక్ష్మాలు వలీలకు, సత్యాలు ప్రవక్తలకు.

సహ్ల్ తుస్తరీ (మరణం 896) శిష్యులకు ఆయత్‌ల మీద చెప్పిన ముక్కలు మనకు దొరికే పాత సూఫీ వ్యాఖ్యానాల్లో ఒకటి. నైషాపూర్‌లో సులమీ (మరణం 1021) పాత సూఫీల మాటలన్నీ ఏరి ఒకచోట చేర్చాడు, తిట్లూ తిన్నాడు. అదే ఊళ్లో ఖుషైరీ (మరణం 1072) ఇంకా జాగ్రత్తపరుడు. మామూలు తఫ్సీర్ తెలిసినవాడు, ఆ ఇల్లు కూలకుండా పైన మేడ కట్టాడు.

పుస్తకాల్లోకి ఎక్కనివాళ్లూ ఉన్నారు. సెవిల్లేలో తొంభై దాటిన ఫాతిమా అనే ముసలమ్మకు, తర్వాత పెద్ద సూఫీ తత్వవేత్తగా పేరు పొందిన ఇబ్న్ అరబీ యువకుడిగా ఉన్నప్పుడు సేవ చేశాడు. ఆమెకు రెల్లుతో గుడిసె తన చేతులతోనే కట్టిచ్చానని రాసుకున్నాడు. ఆమె దగ్గరున్న సంపద ఏమిటంటే ఫాతిహా సూరా. అది తన మాట వింటుందని చెప్పేదట. దాన్ని ఏ తఫ్సీర్ కింద రాసుకోవాలో నాకు తెలియదు, ఇబ్న్ అరబీ మాత్రం ఆమెను ఆధ్యాత్మిక తల్లిగా చెప్పుకున్నాడు.

ఇబ్న్ అరబీ ఎందుకంత వివాదం?

ముందు ఒక ఘటన. గడ్డం కూడా రాని వయసులో ఇబ్న్ అరబీని తండ్రి కార్డోబాలో ఇబ్న్ రుష్ద్ ఇంటికి పంపాడు. ఆ పెద్దాయన లేచి కౌగిలించుకుని "అవును?" అన్నాడు. కుర్రాడు "అవును" అన్నాడు. పెద్దాయన మొహం వెలిగింది. ఆయన ఎందుకు సంతోషించాడో గ్రహించి కుర్రాడు "కాదు" అన్నాడు. పెద్దాయన రంగు మారిపోయింది. తర్కం ఇచ్చేదీ, ధ్యానంలో తెర తొలగి దొరికేదీ ఒకటేనా అని అడిగాడు. అవును, కాదు, ఆ రెండిటి మధ్యే ఆత్మలు ఎగిరిపోతాయి అని జవాబు. 1198లో ఇబ్న్ రుష్ద్ మరాకేష్‌లో పోయాక, శవాన్ని కార్డోబాకు తరలించేటప్పుడు జంతువు మీద ఒకవైపు శవపేటిక, బరువు సరితూగడానికి రెండోవైపు ఆయన పుస్తకాలు కట్టారట. ఇబ్న్ అరబీ అది కళ్లారా చూశాడు. ఇదంతా ఆయన చెప్పిన కథ అని మర్చిపోకండి, ఇబ్న్ రుష్ద్ వైపు నుంచి మనకేమీ లేదు.

ఆయన వ్యాఖ్యాన పద్ధతిలో ఒక విచిత్రం ఉంది. అందరూ ఆయన్ను అక్షరాలు దాటి గాల్లో తేలేవాడనుకుంటారు. నిజానికి ఆయన అక్షరానికి మరీ అతుక్కుంటాడు. దేవుడు మాట్లాడుతున్నాడంటే, ఆ మాటకు అరబ్బీలో ఉన్న ప్రతి అర్థమూ ఆయనకు తెలిసే వాడి ఉంటాడు, కాబట్టి అన్నీ ఉద్దేశించినవే అంటాడు. "నువ్వు విసిరినప్పుడు నువ్వు విసరలేదు, అల్లాహ్ విసిరాడు" (8:17) అన్న ఆయత్‌ను మిగతావాళ్లు యుద్ధ సందర్భంలో సర్దుకుంటారు. ఆయన అక్కడే ఆగి, విసిరావు, విసరలేదు, రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయో చూడమంటాడు. "వహ్దతుల్ వుజూద్", అంటే ఉనికి ఒక్కటే అన్న సిద్ధాంతం, ఇలాంటి చదువులోంచే ఎదిగింది. ఆ పేరు మాత్రం తర్వాతివాళ్లు స్థిరపరిచిందే. ఇంకో హెచ్చరిక: బజారులో "ఇబ్న్ అరబీ తఫ్సీర్" పేరుతో దొరికేది ఆయనది కాదు, ఆయన దారిలో నడిచిన కాషానీది.

వహ్దతుల్ వుజూద్, అద్వైతం ఒకటేనా?

తెలుగువాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. పోలిక కనిపించడం సహజం, ఒకటే అనడం తొందరపాటు. శంకరుల మాయకు ఇబ్న్ అరబీ దగ్గర అచ్చంగా సరిపోయే మాట లేదు. ఆయనకు లోకం దేవుడి నామాలు తమను తాము చూపుకునే అద్దం.

ఒకటే అని గట్టిగా నమ్మినవాడు షాజహాన్ కొడుకు దారా షికో. 1657లో కాశీ పండితుల సాయంతో యాభై ఉపనిషత్తులను పారశీకంలోకి తెచ్చాడు. ఖురాన్ 56వ సూరాలో వచ్చే "దాచి ఉంచిన గ్రంథం" ఉపనిషత్తులే అని ముందుమాటలో రాశాడు. తావీల్ ఎంత దూరం పోగలదో చూడండి! రెండేళ్లకు తమ్ముడు ఔరంగజేబు అతన్ని చంపించాడు. అసలు కారణం సింహాసనం, చూపిన కారణాల్లో మతం ఒకటి.

ఇరాన్ తత్వవేత్తల సంగతి?

ఒక్కరిని చెబుతాను. షీరాజ్‌కు చెందిన ముల్లా సద్రా (మరణం 1640) తత్వం, సూఫీ అనుభవం, ఖురాన్ మూడూ ఒకే చోటికి చేరతాయన్నాడు. 27వ సూరాలో "కొండలు స్థిరంగా ఉన్నాయనుకుంటావు, అవి మేఘాల్లా సాగిపోతున్నాయి" అని ఉంది. ముందు ఆయత్‌లో శంఖం ఊదే ప్రస్తావన ఉంది కాబట్టి ఎక్కువమంది దీన్ని ప్రళయం నాటి దృశ్యం అంటారు. సద్రా ఇది ఇప్పుడే, ఈ క్షణమే అన్నాడు. వస్తువుల రంగూ చోటూ మాత్రమే కాదు, వాటి సారమే నిరంతరం కదులుతోందని ఆయన సిద్ధాంతం. సందర్భాన్ని కొంచెం పక్కకు నెట్టాడు, నిజమే. నెట్టినా అందంగానే ఉంది.

వ్యతిరేకించినవాళ్ల వాదనలో బలం లేదా?

చాలా ఉంది. డమాస్కస్‌కు చెందిన ఇబ్న్ తైమియా (1263–1328) ప్రశ్న సూటిది: ప్రవక్త నోట విన్న సహచరులకు తెలియని అర్థం, గ్రీకు పుస్తకం చదివిన మీకెలా తెలిసింది? ఖురాన్‌ను ఖురాన్‌తోనే, తర్వాత హదీసుతో, తర్వాత సహచరుల మాటతో వివరించాలన్నది ఆయన వరుస. సొంత అభిప్రాయంతో ఖురాన్‌కు అర్థం చెప్పేవాడు నరకంలో చోటు చూసుకోవాలని హదీసు కూడా ఉంది. దీనికి గజాలీ జవాబిచ్చాడు: ముందే కోరిక ఒకటి పెట్టుకుని దానికి ఆయత్‌ను సాక్షిగా లాక్కురావడమే ఆ తప్పు, ఆలోచించడం కాదు అని. జవాబు బాగుంది. అయితే ఆ లాక్కొచ్చేవాణ్ణి బయటి నుంచి ఎలా గుర్తుపడతాం? ఇబ్న్ సీనా గూడు, గాజు, నూనె అన్నీ తన సిద్ధాంతానికి సరిగ్గా సరిపోవడం చూస్తే నాకూ కొంచెం అనుమానమే.

మన ప్రాంతానికి దీనితో ఏమైనా సంబంధం ఉందా?

గట్టి సంబంధమే ఉంది. 1422లో గుల్బర్గాలో చనిపోయిన బందేనవాజ్ గేసూదరాజ్ సూఫీ పద్ధతిలో ఖురాన్ వ్యాఖ్యానం రాశారు. ఉర్సుకు మన జిల్లాల నుంచి వెళ్లేవాళ్లలో ఎందరికి తెలుసో గానీ, ఆయన ఇబ్న్ అరబీని విమర్శించిన సూఫీ. సూఫీలంతా ఒకే మాట అంటారనుకునేవాళ్లకు ఆ ఒక్క ఉదాహరణ చాలు.

రెండోది హైదరాబాద్‌లో 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్. ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణంలో ఉంది. చేతిరాతల్లో పడి ఉన్న అరబ్బీ గ్రంథాలను సరిచూసి అచ్చువేయడం దాని పని. ఫారాబీ చిన్న గ్రంథాలు, రాజీ తత్వ గ్రంథం, ఇబ్న్ అరబీ లఘు రచనలు అక్కడ అచ్చయ్యాయి. కైరోలోనో పారిస్‌లోనో రాసిన పరిశోధన తిరగేస్తే అడుగున "హైదరాబాద్ ప్రతి" అని కనిపిస్తుంది. సిటీ బస్సులో ఆ క్యాంపస్ మీదుగా రోజూ పోయేవాళ్లం, మనకే తెలియదు.

తెలుగులో అయితే, ఖురాన్‌ను మొదట అనువదించినవారిగా చిలుకూరి నారాయణరావు గారిని చెబుతారు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా (1885–1945) సూఫీ పీఠం నడుపుతూ పద్యాలు రాశారు. ఈ వ్యాఖ్యాన గ్రంథాలు మాత్రం తెలుగులోకి వచ్చింది బహు తక్కువ.

మొదలుపెట్టాలంటే దేనితో?

పుస్తకాల కంటే ముందు వెలుగు ఆయత్‌ను మీకు దొరికిన రెండు మూడు తెలుగు అనువాదాల్లో పక్కపక్కన పెట్టి చదవండి. "గూడు" అన్న మాటకు ఎవరు ఏం వాడారో చూడండి. తర్వాత 18వ సూరాలో మూసా ప్రవక్త ఒక జ్ఞాని వెంట నడిచే కథ చదవండి. వ్యాఖ్యాతలు ఆ జ్ఞానిని ఖిజ్ర్ అంటారు. ఆయన పడవకు చిల్లు పెడతాడు, మూసా ఆగలేక ఎందుకని అడుగుతారు. ముందు మీ సొంత జవాబు ఒక కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత వ్యాఖ్యానం తెరవండి.